గర్భం రాకుండా వాడే గోలీలు ఆపాక నెలసరి లెక్క తప్పితే, కడుపు నిలవకపోతే ఏం చేయాలి

"ఏండ్ల తరబడి గోలీలు మింగె. గర్భసంచి ఎండిపోదా మరి?"

దేవరకొండలో మా ఇంటి ముందర గదిలో, నన్ను చూడవచ్చిన ఒక పెద్దామె ఈ మాట అన్నప్పుడు నేను లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాను. అంతకు మూడు రోజుల ముందే నాకు కడుపు పోయింది. ఆమె చెడ్డ మనిషి కాదు. నా కోసం జొన్న రొట్టెలు చేసి బట్టలో చుట్టుకుని తెచ్చింది. కానీ ఆ ఒక్క మాట నన్ను ఏడాది పాటు లోపల్లోపల తినేసింది.

అందుకే మొదటే చెప్తున్నాను. గర్భం రాకుండా వాడే గోలీల వల్ల గర్భసంచి ఎండిపోదు. గోలీలు వాడి ఆపినంత మాత్రాన గర్భస్రావం అయ్యే అవకాశం పెరగదు. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా మధ్యలోనే పోతాయి. అందులోనూ చాలావరకు మొదటి 12 వారాల్లోనే. వాటిలో సుమారు సగానికి కారణం పిండం ఏర్పడే క్షణంలోనే క్రోమోజోముల లెక్క తేడా రావడం. ఆ తేడాకు మీరు మింగిన గోలీతో సంబంధం లేదు, మోసిన బిందెతో లేదు, తిన్న బొప్పాయి ముక్కతోనూ లేదు.

గోలీలు ఆపాక నిజంగా గందరగోళం అయ్యేది ఒకటుంది. తేదీలు. నెలసరి ఎప్పుడొస్తుందో, అండం ఎప్పుడు విడుదలైందో, కడుపు ఎన్ని వారాలో లెక్క చిక్కదు. ఆ లెక్క తెలియకే సగం భయాలు పుడతాయి, కొన్నిసార్లు తొందరపాటు నిర్ణయాలు కూడా. నేను పడ్డ ఇబ్బంది మీరు పడకుండా, ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరుసగా చెప్తాను.

మీరు వాడింది ఏదో ముందు పేరు పట్టుకోండి

మా వైపు అన్నింటినీ గోలీలనే అంటాం. డాక్టరమ్మకు ఆ మాట చాలదు. ఒక్కోటి ఆపాక నెలసరి గాడిన పడే తీరు ఒక్కోలా ఉంటుంది.

సర్కారు దవాఖానలో ఉచితంగా ఇచ్చేది మాలా-ఎన్. షాపులో తక్కువ ధరకు దొరికేది మాలా-డి. రెండింట్లో ఉండే మందు ఒకటే. పట్టీలో 28 గోలీలుంటాయి. 21 తెల్లవి హార్మోన్‌వి, 7 ముదురు రంగువి ఐరన్‌వి. ఆ ఐరన్ గోలీలు మింగే వారంలో వచ్చే రక్తం నిజానికి మీ సొంత నెలసరి కాదు. హార్మోన్ అందడం ఆగినందుకు గర్భసంచి లోపలి పొర రాలిపోవడం అది. అండం విడుదల కాకుండానే వస్తుంది. అంటే గోలీల మీద ఉన్నన్నాళ్లూ తప్పకుండా 28 రోజులకొకసారి వచ్చింది మీ ఒంటి లెక్క కాదు, పట్టీ లెక్క. ఆపాక కనిపించేది మీ లెక్క. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గేది.

ఛాయ వేరే రకం. దాంట్లో హార్మోన్ ఉండదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన మందు అది. మొదటి 3 నెలలు వారానికి 2 సార్లు, ఆ తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. వాడేటప్పుడే కొందరికి నెలసరి ఆలస్యం అవుతుంది, ఆపితే సర్దుకుంటుంది. కాపర్-టిలోనూ హార్మోన్ లేదు. తీయించిన నెల నుంచే గర్భం రావచ్చు. ప్రైవేటులో వేసే హార్మోన్ లూప్ తీయించాక నెలసరి మామూలు కావడానికి 1 నుంచి 3 నెలలు పడుతుంది.

అంతర అనేది 3 నెలలకోసారి వేసే సూది. దీని గురించి కింద విడిగా చెప్తాను. ఎక్కువ మంది కంగారుపడేది దీనితోనే.

ఇక అందరూ చెప్పడం మర్చిపోయేవి డేట్ వాయిదా గోలీలు. బతుకమ్మకని, చెల్లె పెళ్లికని, తిరుపతి ప్రయాణమని, కురుమూర్తి జాతరకని షాపులో అడిగి తెచ్చుకుంటాం కదా, వాటిలో ఉండేది నోరెథిస్టెరాన్ అనే హార్మోనే. ఆపిన 2, 3 రోజులకు రక్తం కనిపిస్తుంది, దాన్ని మనం నెలసరి అని రాసుకుంటాం. అక్కడ లెక్క ఒకసారి జరిగిపోయిందన్నమాట. ఇంకో మాట. వాయిదా కోసం వేసుకునే ఆ గోలీలు గర్భం రాకుండా ఆపుతాయని నమ్ముకోకండి. కలయిక తర్వాత వేసుకునే అత్యవసర గోలీ కూడా ఆ నెల తేదీని ముందుకో వెనక్కో జరుపుతుంది. డాక్టరమ్మ "ఏమైనా హార్మోన్లు వాడారా?" అని అడిగితే ఇవన్నీ చెప్పాలి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, గోడ క్యాలెండర్ చాలదు

మా వంటింటి తలుపు వెనక పెద్ద క్యాలెండర్ ఉండేది. పాలు రాని రోజున దాని మీద నీలం పెన్నుతో అడ్డగీత పెట్టేదాన్ని, నెలాఖరున లెక్క కట్టడానికి. నెలసరి వచ్చిన రోజుకూ అదే పెన్ను, అదే గీత. అప్పుడు నాకు తేడా తెలుసనుకున్నాను. కడుపుతో ఉండి రక్తం కనబడిన రోజు, స్కాన్ గది ముందు కూర్చుని మా ఆయన ఫోన్‌లో పంపిన ఆ క్యాలెండర్ ఫోటోను పెద్దది చేసి చూస్తుంటే 14న ఒక గీత, 17న ఒక గీత. ఏది పాలది, ఏది నాది? ఎంత గుర్తు చేసుకున్నా తేలలేదు. లోపలికి వెళ్లి ఏదో ఒక తేదీ చెప్పాను. ఆ తప్పు తేదీ మీదే నా వారాల లెక్క కట్టారు.

పదిరూపాయల చిన్న నోట్‌బుక్ చాలు. గోలీలు ఆపిన రోజు మొదటి పేజీలో ఇవి రాయండి: ఏం వాడారు, ఎప్పటి నుంచి వాడారు, ఆఖరి హార్మోన్ గోలీ లేదా ఆఖరి సూది ఏ తేదీన. ఆ తర్వాత రక్తం కనిపించిన ప్రతిసారీ మొదలైన తేదీ, ఆగిన తేదీ, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారు, గడ్డలు పడ్డాయా లేదా. కలిసిన రోజులకు మీకు మాత్రమే తెలిసేలా ఒక చుక్క పెట్టుకోండి. ఇంట్లో ఎవరైనా చూస్తారని మొహమాటమైతే ఫోన్‌లో రాసుకోండి. ఎక్కడ రాసినా, వేరే ఏ లెక్కా అందులో కలపకండి.

ఆపడం ఎలా

పట్టీ మధ్యలో ఆపినా ప్రమాదం లేదు. కానీ తెల్ల గోలీలు 21 పూర్తి చేసి ఆపితే రక్తం ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది, లెక్క సులువవుతుంది. గర్భం కావాలనుకుంటే ఆపడానికి కనీసం నెల ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం వచ్చాక 12 వారాలు నిండే దాకా. బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడేది మీకు నెల తప్పిందని తెలిసే రోజులకే కాబట్టి తర్వాత మొదలుపెడితే ఆలస్యం. షుగర్, ఫిట్స్ ఉన్నవాళ్లకు, ఇంతకుముందు బిడ్డకు వెన్నుపాము లోపం వచ్చినవాళ్లకు మోతాదు ఎక్కువ కావాలి. వాళ్లు అడిగే వేసుకోవాలి.

గర్భం వద్దనుకుని, గోలీలు పడక ఆపుతున్నారా? అయితే ఆపిన రోజు నుంచే నిరోధ్ లాంటిది వాడాలి. "ఇన్నేళ్లు వాడిన కదా, కొన్నాళ్లు పనిచేస్తది" అనుకోవడం పెద్ద పొరపాటు. అండం నెలసరికి సుమారు 2 వారాల ముందే విడుదలవుతుంది. అంటే గోలీలు ఆపాక మొదటి నెలసరి చూడకముందే కడుపు రావచ్చు.

ఆ తర్వాత ఎన్నాళ్లు చూడాలి

మాలా-ఎన్ లాంటివి ఆపితే ఆఖరి హార్మోన్ గోలీ తర్వాత 2 నుంచి 4 రోజుల్లో పట్టీ రక్తం వస్తుంది. అక్కడి నుంచి మీ సొంత నెలసరి చాలామందికి 4 నుంచి 6 వారాల్లో కనబడుతుంది. కొందరికి 3 నెలల దాకా పడుతుంది. మొదటి కొన్ని నెలలు ఒకసారి 25 రోజులకు, ఒకసారి 40 రోజులకు రావడం, నొప్పి, రక్తం ఎక్కువ కావడం, మొటిమలు లేవడం మామూలే. గోలీలు అణచి ఉంచినవి మళ్లీ బయటికి వస్తాయి. గోలీలకు ముందు మీకు రెండు మూడు నెలలకోసారి వచ్చేదా? అయితే ఆపాక మళ్లీ అలాగే రావచ్చు. అది గోలీలు చేసిన చెడుపు కాదు. పీసీఓఎస్ లాంటిది ముందే ఉండి, దాన్ని గోలీలు కప్పిపెట్టి ఉండవచ్చు. మా వైపు దీన్నే "నీటిబుడగలు" అంటారు.

ఇప్పుడు సూది సంగతి. అంతర వేసుకుంటుండగానే కొందరికి చుక్కలు చుక్కలుగా కనబడుతుంది, మరికొందరికి మొత్తానికే ఆగిపోతుంది. ఆపాక చివరి సూది నాటి నుంచి గర్భధారణ శక్తి తిరిగి రావడానికి సగటున 7 నుంచి 10 నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఈ మాట సూది వేసేటప్పుడే చెప్పాలి, చెప్పించుకోవాలి. చెప్పకపోతే ఏమవుతుందో పాలమూరు పల్లెల్లో చూడండి. ఊళ్లో సూది వేయించుకుని, పుణేకో ముంబైకో బెంగళూరుకో పనికి వెళ్తారు. మూడు నెలలకు తిరిగి రావడం కుదరదు, సూది తప్పుతుంది. అక్కడ ఆరు నెలలు నెలసరి రాదు. కడుపేమో అని ఒక భయం, ఇక పిల్లలు పుట్టరేమో అని ఇంకో భయం. చేతిలో సూది కార్డు ఉండదు, అది ఊళ్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది. కాబట్టి వలస వెళ్లే ముందు ఆ కార్డును ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, భర్త ఫోన్‌లో కూడా. ఏ ఊళ్లో ప్రభుత్వ దవాఖానకు వెళ్లినా ఆ ఒక్క ఫోటో చాలు. త్వరగా పిల్లలు కావాలనుకునేవాళ్లు సూది ఎంచుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రెండేళ్లు ఎడం కావాలనుకునేవాళ్లకు అది మంచి పద్ధతే.

నెలసరి రాకపోతే ముందు కిట్, తర్వాతే మిగతావి

అనుకున్న తేదీ దాటి వారమైతే నిశ్చయ్ కిట్‌తో చూసుకోండి. ఆశా అక్క దగ్గర ఉచితంగా దొరుకుతుంది. పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో, కిట్ మీద రాసిన నిమిషాల్లోనే చూడాలి. గంట తర్వాత కనబడే మసక గీతను లెక్కలోకి తీసుకోవద్దు. తేదీయే తెలియనివాళ్లు ఆఖరిసారి కలిసిన రోజు నుంచి 3 వారాలు ఆగి చూస్తే ఫలితం నమ్మదగ్గది. కిట్‌లో గర్భం కనబడక, నెలసరీ రాకపోతే వారం తర్వాత ఇంకోసారి చూడండి.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని చేతులు పట్టుకుని అడుగుతున్నాను. పరీక్ష చేసుకోకుండా మెడికల్ షాపుకు వెళ్లి "డేట్ వచ్చే గోలీ ఇయ్యండి" అనకండి. ఆ పేరుతో కొన్నిచోట్ల చేతిలో పెట్టేది కడుపు తీసే గోలీలు. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఆ గోలీలతో అది పోదు, రక్తం చూసి అయిపోయిందనుకుంటారు. ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

కిట్‌లో రాలేదు, గోలీలు ఆపి 3 నెలలు దాటింది, ఇంకా నెలసరి లేదు అంటే డాక్టరమ్మను కలవాలి. సూది అయితే చివరి సూది నుంచి ఏడాది. థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్, హిమోగ్లోబిన్, కడుపు స్కాన్, మామూలుగా అడిగేవి ఇవే. పాలిచ్చే తల్లులకు, ఉన్నట్టుండి బాగా బరువు తగ్గినవాళ్లకు ఆలస్యం కావడానికి కారణం అక్కడే దొరకవచ్చు. 2023 మార్చి 8 నుంచి మన తెలంగాణలో ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారాల్లో ఆడవాళ్లకు ప్రత్యేక క్లినిక్‌లు మొదలుపెట్టారు. మీ దగ్గరి పీహెచ్‌సీలో ఏ రోజు చూస్తున్నారో ఏఎన్‌ఎమ్‌ను అడిగి వెళ్లండి. అక్కడ తేలకపోతే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులున్నాయి. నాగర్‌కర్నూల్, వనపర్తిలోనూ ఇప్పుడు మెడికల్ కాలేజీలున్నాయి. ప్రతిదానికీ హైదరాబాద్ బస్సెక్కాల్సిన అవసరం లేదు.

కిట్‌లో రెండు గీతలు వచ్చాక

డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. నెలసరి మొదలైన 14వ రోజుకు అండం విడుదలవుతుందన్న ఊహ మీద ఆ లెక్క నడుస్తుంది. గోలీలు ఆపిన కొత్తలో ఆ ఊహ తప్పుతుంది. మీరు చెప్పింది పట్టీ రక్తం తేదీ అనుకోండి, అండం విడుదలైంది 35వ రోజున అనుకోండి. కాగితం మీద మీది 9 వారాలు. లోపల ఉన్నది 6 వారాల పిండమే. స్కాన్‌లో పిండం చుట్టూ ఉండే చిన్న సంచి మాత్రమే కనబడుతుంది. "9 వారాలైనా గుండె లేదు, పెరగడం లేదు" అంటారు.

నాకు ఒక నర్సింగ్ హోమ్‌లో అచ్చం ఇలాగే చెప్పి, "రేపు పొద్దున ఏమీ తినకుండా రండి, క్లీన్ చేసేద్దాం" అన్నారు. మా ఆయన బయటికి వచ్చాక రిపోర్టు కాగితం పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఇంటికి వచ్చి మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేశాం. ఆమె స్టాఫ్ నర్సు. "అక్కా, ఒక్క స్కాన్ మీద ఒప్పుకోకు. ఇంకోచోట చూపించి పది రోజులకు మళ్లీ తీయించు" అన్నది.

ఆమె చెప్పిందే డాక్టర్లు పాటించాల్సిన పద్ధతి కూడా. లోపలి నుంచి చేసే స్కాన్‌లో పిండం పొడవు 7 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉండి గుండె కొట్టుకోకపోతే, లేదా సంచి సగటు కొలత 25 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉండి లోపల పిండమే లేకపోతే, అప్పుడే ఒక స్కాన్‌తో గర్భం పోయిందని చెప్పవచ్చు. అంతకన్నా చిన్న కొలతలుంటే 7 నుంచి 14 రోజులు ఆగి మళ్లీ చూడాలి. కాబట్టి స్కాన్ రిపోర్టులో వారాలు చూసి బెంబేలెత్తకండి, మిల్లీమీటర్లు చూడండి. "ఎన్ని మిల్లీమీటర్లు ఉంది డాక్టరమ్మా? మళ్లీ ఎప్పుడు తీయమంటారు?" అని అడగండి. గోలీలు ఎప్పుడు ఆపారో చెప్పండి. రక్తం ఎక్కువగా పోతుంటేనో, విపరీతమైన నొప్పి ఉంటేనో సంగతి వేరు, అప్పుడు ఆగడానికి లేదు.

నేను పది రోజులు ఆగాను. రెండో స్కాన్‌లో సంచి పెరిగింది, పిండం కనబడింది, గుండె మాత్రం లేదు. అలా ఆగాక గుండె వినబడినవాళ్లూ ఉంటారు, నాకు ఆ అదృష్టం లేకపోయింది. అయినా ఆ పది రోజులు వృథా అని నేనెన్నడూ అనుకోలేదు. "బతికున్న దాన్నే తీయించుకున్నానా?" అన్న అనుమానం ఒక్క రాత్రి కూడా నన్ను తాకలేదు. పోయింది పోయిందని నిజంగా తెలుసు. ఏడవడానికైనా ఆ మాత్రం తెలిసి ఉండాలి.

రిపోర్టులో "మిస్డ్ అబార్షన్", "స్పాంటేనియస్ అబార్షన్" అని రాసి ఉంటే హడలిపోకండి. దానంతట అదే పోయిన గర్భానికి డాక్టర్ల భాషలో ఆ మాటే వాడతారు. మీరేదో చేయించుకున్నారని కాదు. ఇంట్లో చదివేవాళ్లకు కూడా ఇది విడమరిచి చెప్పండి.

రక్తం కనబడితే

గోలీలు ఆపాక ఆలస్యంగా వచ్చి, గడ్డలు గడ్డలుగా, మామూలు కన్నా ఎక్కువ నొప్పితో పడితే అది రెండింటిలో ఏదైనా కావచ్చు. అండం విడుదల కాని నెలలో పొర మందంగా పేరుకుని ఒక్కసారిగా రాలడం ఒకటి. కొద్ది రోజుల గర్భం వచ్చి పోవడం రెండోది. ముందే కిట్‌తో చూసుకుని ఉంటేనే తేడా తెలుస్తుంది. కిట్‌లో వచ్చి, 4, 5 రోజులకే రక్తం పడి పోయిందంటే అది చాలా తొలిదశలో పోయిన గర్భం. అవసరమైతే 48 గంటల తేడాతో రెండుసార్లు రక్తంలో హెచ్‌సీజీ అనే గర్భం హార్మోన్ చూస్తారు.

కడుపుతో ఉన్నప్పుడు కొద్దిగా రక్తపు చారలు కనబడినా అన్నీ పోవు, చాలా గర్భాలు నిలబడతాయి. స్కాన్ చేయించండి. మంచం దిగకుండా పడుకుంటే నిలుస్తుందని అంటారు, పడక మీదున్నా లేకున్నా గర్భస్రావం ఆగదు. ఒంట్లో బాగాలేకపోతే పడుకోండి, పనికి వెళ్లినందుకే పోయిందని మాత్రం మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పత్తి ఏరడానికి వంగినందుకు పోదు. ఇంతకుముందు కడుపు పోయిన చరిత్ర ఉండి ఇప్పుడు రక్తం కనబడితే, ప్రొజెస్టెరాన్ మందు ఉపయోగపడుతుందేమో డాక్టరమ్మను అడగండి.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. గంటకు రెండు ప్యాడ్లు నిండిపోతూ రెండు గంటల పాటు అలాగే ఉండడం, కళ్లు తిరిగి పడిపోవడం, పొత్తికడుపులో ఒకవైపు పొడిచినట్టు నొప్పి, భుజం చివర నొప్పి, జ్వరంతో దుర్వాసన వచ్చే స్రావం. ఒకవైపు నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ట్యూబులో గర్భానికి గుర్తులు. కాపర్-టి ఉండగా, సూది మీద ఉండగా కిట్‌లో గర్భం కనబడితే నొప్పి లేకపోయినా అదే రోజు వెళ్లి స్కాన్ చేయించాలి, ఎందుకంటే వీళ్లలో గర్భం వచ్చిందంటే ట్యూబులో ఉండే అవకాశం ఎక్కువ.

కడుపు పోయిందని తేలాక

మూడు దారులుంటాయి. దానంతట అదే పడిపోయే దాకా కొన్నాళ్లు ఆగడం, డాక్టర్ చూస్తుండగా మందులతో పడిపోయేలా చేయడం, క్లీన్ చేయించుకోవడం. జ్వరం, ఎక్కువ రక్తం లేకపోతే ఏ దారైనా మీ ఇష్టమే, అడిగే హక్కు మీకుంది. క్లీన్ చేయించుకుంటే, పాత పద్ధతిలో గీకకుండా గాలితో లాగే వాక్యూమ్ పద్ధతి ఉందా అని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసేది దాన్నే. మీ రక్తం నెగటివ్ గ్రూపు అయితే 72 గంటల్లోపు యాంటీ-డి సూది సంగతి తప్పకుండా గుర్తుచేయండి. తర్వాతి బిడ్డకు అది ముఖ్యం.

రక్తం 1 నుంచి 2 వారాలు కొద్దికొద్దిగా కనబడవచ్చు. కిట్ ఇంకో 3, 4 వారాలు గర్భం ఉన్నట్టే చూపించవచ్చు, అది పాత హార్మోన్ మిగులే. అంతకు మించి చూపిస్తుంటే డాక్టరమ్మకు చెప్పండి. మామూలు నెలసరి 4 నుంచి 6 వారాల్లో తిరిగి వస్తుంది. అండం మాత్రం 2 వారాలకే విడుదల కావచ్చు. వెంటనే మళ్లీ గర్భం వద్దనుకుంటే ఆ రోజు నుంచే ఏదో ఒకటి వాడాలి. అవే మాలా-ఎన్ గోలీలైనా వాడుకోవచ్చు, వాటికి భయపడాల్సిన పని లేదు.

ఉద్యోగం చేసేవాళ్లకు ఒక మాట. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, దాని కిందికి వచ్చే సంస్థల్లో పనిచేసేవాళ్లకు గర్భస్రావం అయితే ఆ మరుసటి రోజు నుంచి 6 వారాలు జీతంతో కూడిన సెలవు ఉంటుంది. డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. ప్రైవేటు బడుల్లో, షాపుల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. డిశ్చార్జి కాగితం జాగ్రత్తగా పెట్టుకోండి.

ఇంట్లో మాటలు పడకుండా ఉండలేం. మా అత్తమ్మకు నేనే కూర్చోబెట్టి చెప్పాను. "అత్తమ్మా, గోలీలతో కాలేదు, పిండంలోనే లోపం ఉండి పోయిందన్నరు డాక్టరమ్మ" అని. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనకూ మా ఆయన కన్నా ముందు ఒకటి పోయిందని, ఆ రోజుల్లో గోలీలే లేవని చెప్పింది. ఆ మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదట. భర్తకు కూడా చెప్పండి, స్కాన్ గదిలోకి తీసుకెళ్లండి. నెలలు గడిచినా నిద్ర పట్టకపోతే, ఏ పని మీదా మనసు లేకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మళ్లీ ప్రయత్నించే ముందు

ఆరు నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పింది. ఆ తర్వాతి పరిశోధనల్లో అంతకన్నా ముందు గర్భం వచ్చినా నష్టం కనబడలేదు. రక్తం తక్కువగా ఉంటే అది పెరిగే దాకా ఆగండి. హిమోగ్లోబిన్ 8, 9 ఉండగా మళ్లీ కడుపు అంటే మీ ఒంటికే కష్టం. మనసు కుదురుకోవడానికి మీకెంత సమయం కావాలో అది మీ ఇద్దరి లెక్క.

ఒకసారి పోయినవాళ్లలో చాలామందికి తర్వాతి కాన్పు మామూలుగానే అవుతుంది. రెండుసార్లు పోయిందంటే మూడోసారి కోసం ఆగకుండా కారణం వెతికించండి. థైరాయిడ్, షుగర్, గర్భసంచి ఆకారం, రక్తం గడ్డకట్టే తీరుకు సంబంధించిన యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష, అవసరమైతే భార్యాభర్తలిద్దరి క్రోమోజోములు. మేనరికమైతే ఆ మాట దాచకుండా చెప్పండి. పరీక్షలకు భర్త కూడా రావాలి, ఇది ఒక్క ఆడమనిషి లోపం వెతికే పని కాదు.

గోలీలో సూదో మళ్లీ వాడి ఆపినప్పుడు వీలైతే ఒక్క సొంత నెలసరి చూసి ప్రయత్నించండి. చూడకముందే వచ్చినా బిడ్డకు హాని లేదు, లెక్క తేలిక కోసమే ఇది చెప్తున్నాను. కిట్‌లో రెండు గీతలు కనబడిన రోజు నోట్‌బుక్‌లో కొత్త పేజీ తెరిచి పైన నాలుగు తేదీలు రాయండి: గోలీలు ఆపిన రోజు, పట్టీ రక్తం వచ్చిన రోజు, ఆ తర్వాత సొంత నెలసరి మొదలైన రోజు, కిట్ చూసుకున్న రోజు. కింద మీ రక్తం గ్రూపు, పాత స్కాన్ కొలతలు. ఏడో వారం నిండాక ఆ పేజీ చేతిలో పట్టుకుని స్కాన్‌కు వెళ్లండి.